చెంచా వద్దన్న ఇల్లు

ఒకటి

నా పేరు కొప్పిశెట్టి నూకరత్నం. నిలువూరులో పదకొండో అంతస్తు, తూర్పు వరస, చివరి గుమ్మం. నాకు చదువు రాదు. చదువు రానివాళ్ళు తమ పక్షం మాటలు ఈ రాతపెట్టెకు చెప్పుకోవచ్చని మా అంతస్తు పెద్ద తాతబ్బాయిగారు నిన్న దీన్ని తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళారు. విచారణ అమావాస్య వెళ్ళాక. అప్పటిదాకా రోజూ కాస్త కాస్త చెప్పమన్నారు. నేను ఎలా మాట్లాడినా ఇది అచ్చులో వేసే భాషలోకి దిద్దుకుంటుందట. దిద్దుకోనీ. తిట్లు మాత్రం మింగొద్దని ముందే చెప్పాను.

నామీద ఫిర్యాదు పెట్టింది మా వియ్యపురాలు అచ్చియ్యమ్మ, నా కోడలు పావనిని కన్నతల్లి, ఉండేది మా వరసలోనే. ఆవిడ చెంచాను నేను కాదన్నానట. నేరం రుజువైతే మా ఇంటి మొక్క ఆవిడ ఇంటికి పోతుంది. ఇక్కడి కట్టుబాటు అది. నేను చెప్పేది ఒక్కటే, మొక్కను ఇవ్వను. మిగతాదంతా ఎందుకివ్వనో చెప్పడమే.

రెండు

చెంచా అంటే ఏమిటని రాతపెట్టె అడిగింది. పై అంతస్తుల్లో తయారైన సరుకు కదా, మా వాడుకలు దానికేం తెలుస్తాయి.

మేం ఎవరింటికి వెళ్ళినా వట్టి చేతులతో వెళ్ళం. పొద్దున్నే కుళాయిలో వచ్చే మన వాటాలోంచి ఒక్క చెంచా నీళ్ళు, మూత ఉన్న చెంచాలో పట్టుకెళ్ళి, ఆ ఇంటి మొక్క మొదట్లో పోసి, అప్పుడు చాప మీద కూర్చుంటాం. నేలంతా ఉప్పెక్కి జనం ఈ నిలువూళ్ళలోకి ఎక్కిన కొత్తలో, గాలిలోంచి నీళ్ళు పట్టే గోడలు ఒక ఏడాది మొరాయించాయి. ఎవరి మొక్కను వాళ్ళు బతికించుకోలేక ఒకరి మొక్కకు ఒకరు పోసుకున్నారు. మొక్కలు బతికాయి. వాటి ఆకులు తిని మనుషులు బతికారు. అప్పటినుంచి చెంచా పోసినవాళ్ళు చుట్టాలు, కాదన్నవాళ్ళు పగవాళ్ళు. పెళ్ళి సంబంధం ఖాయమయ్యేదీ చెంచాతోనే.

మనిషి నోట్లో ఇంకొకరి చెంచా పడేది మాత్రం ఒక్కసారే. పోయేముందు.

ఇవాళ మొక్క సంగతి: కింది ఆకు ఒకటి పసుపెక్కింది. కాడ మాత్రం నిన్నటికంటే సాగింది. కాడ గురించి రేపు చెబుతాను. నోరు ఎండిపోయింది.

మూడు

ఇది ఎలా వచ్చిందో చెబుతాను. మా కరివేపాకు ముసలిదై ఎండిపోయింది. కొత్తది ఇమ్మని విత్తనాల అంతస్తుకు వెళితే, అక్కడి పిల్ల ఒకతి బొగ్గుముక్కలూ కొబ్బరిపీచూ నింపిన చిల్లుల కుండీ చేతిలో పెట్టింది. అందులో దళసరి ఆకులు నాలుగు. వేళ్ళు కుండీలో ఉండకుండా బయటికొచ్చి గాల్లో వేలాడుతున్నాయి, బూడిద రంగులో, చచ్చిన వానపాముల్లా.

ఆర్కిడ్ అంది. పులుసులో వేసుకోవచ్చా అని అడిగాను. కాదంది. పొగవేస్తే దగ్గు తగ్గుతుందా అంటే, అదీ లేదంది. మరి దేనికే ఇది అంటే, పూస్తుందండి మామ్మగారూ అంది.

అంతే, కుండీ పట్టుకుని వచ్చేశాను.

ఇక్కడ ఏ మొక్కనూ పుయ్యనివ్వరు. ఆకు చేదెక్కుతుందని మొగ్గ కనబడగానే గిల్లేస్తారు. మా అంతస్తులో నడివయసు ఆడవాళ్ళు కూడా పువ్వు అంటే బొమ్మలోదే అనుకుంటారు. నేను పుట్టింది కడియపులంకలో. మా అమ్మ బజార్లో కూర్చుని పూలు కట్టేది. ఆవిడ పక్కన కూర్చుని నేనూ కట్టేదాన్ని. ఇప్పటికీ ఊరికే కూర్చుంటే నా బొటనవేలూ చూపుడువేలూ లేని దారాన్ని ముడేస్తూ ఉంటాయి. పావని చూసి, వణుకేమో డాక్టరుకు చూపిద్దామంది ఒకసారి.

మామిడికొమ్మల్ని పట్టుకుని బతికే మొక్కను మా అమ్మ బదనిక అనేది. అదేనా ఇది అని ఆ పిల్లను అడిగితే, దాని చుట్టమేనంది. పెంచే పద్ధతి కూడా చెప్పింది. దీనివి మట్టివేళ్ళు కావు, గాలివేళ్ళు, వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. తడిస్తే వేరు ఆకుపచ్చగా అవుతుంది. ఆరితే మళ్ళీ బూడిద రంగుకొస్తుంది. పూర్తిగా ఆరాకే మళ్ళీ నీళ్ళు. కుండీ అడుగున నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. వెలుగుపట్టీకి మరీ దగ్గరగా పెట్టొద్దు. ఆకుల్ని తడిగుడ్డతో తుడవాలి. ఇంతే.

నాకు బాగానే అర్థమైంది. అంతస్తుకు ఎలా అర్థమవుతుంది?

నాలుగు

కొత్త మొక్క వచ్చిందంటే చూడ్డానికి రానివాళ్ళు ఉండరు. అందులోనూ పూసే మొక్క. వరసంతా వచ్చారు, పడమటి వరసా వచ్చారు. వచ్చినవాళ్ళందరూ చెంచా తెచ్చారు. గౌరవం ఎక్కువైనవాళ్ళు రెండు తెచ్చారు. ఒకావిడ తన మందు వేసుకునే నీళ్ళు మిగుల్చుకుని తెచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని నేనెలా ఆపను? పోయించుకున్నాను. వాళ్ళు వెళ్ళాక కుండీ వంచి నీళ్ళు ఓడ్చేదాన్ని. ఒక గుంపు వెళ్ళేలోపు ఇంకో గుంపు వచ్చేది.

వేళ్ళు బూడిద రంగుకు రావడం మానేశాయి. ఎప్పుడు చూసినా ఆకుపచ్చే. తర్వాత గోధుమరంగు. ఒకదాన్ని నొక్కి చూస్తే నానిన అరటితొక్కలా చితికి, లోపలి నార వేలికి వచ్చింది. వాసన కూడా వేసింది.

అప్పుడే ఆకుల మధ్యనుంచి ఒక కాడ లేచింది. వేరు కాదు, ఆకు కాదు. కొన మొద్దుగా, వేలితో ఎవరినో చూపిస్తున్నట్టుంది. పూలకాడేనని విత్తనాల పిల్ల వచ్చి చూసి చెప్పింది. ఇక మీదట చుక్క నీళ్ళు పోసినా తాను పూచీ పడనని కూడా చెప్పింది.

ఆరోజు నా చీరకొంగు చించి వేళ్ళ కింద పరిచి కూర్చున్నాను. ఇకమీదట ఎవరొచ్చినా పొయ్యనివ్వకూడదని అనుకున్నాను. అనుకున్న తర్వాత మొదట వచ్చింది అచ్చియ్యమ్మ. నా ఖర్మ.

ఐదు

ఇవాళ పసుపు ఆకు రాలింది. కాడ కొన దగ్గర చిన్న ఉబ్బు కనిపిస్తోంది. మొగ్గే అయ్యుండాలి.

ఇక ఫిర్యాదు సంగతి. పావనికి నెల తప్పిందని తెలిసి అచ్చియ్యమ్మ తన వాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. కింది అంతస్తు నుంచి ఆవిడ అక్కచెల్లెళ్ళు, తోడికోడలు, అందరూ కొత్తచీరలు కట్టుకుని, తలా ఒక చెంచా పట్టుకుని గుమ్మంలో బారు తీరారు. మొదట ఆవిడ. ఆవిడ చెంచా వెండిది, వాళ్ళ నాయనమ్మది. నలుగురికీ కనబడేట్టు ఎత్తి పట్టుకుని మొక్క దగ్గరికి నడిచింది.

నెమ్మదిగా చెబితే బాగుండేదని నా కొడుకు అంటాడు. నెమ్మదిగా చెప్పడం నాకు ఎప్పుడు వచ్చు గనక? వద్దన్నాను. ఆవిడ మొహమాటానికి అంటున్నాననుకుని నవ్వుతూ ఒంచింది. నేను కుండీ మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. నీళ్ళు నా చేతి మీద పడ్డాయి. పడ్డ చెయ్యిని చీరకు తుడుచుకున్నాను.

అదీ నేను చేసింది. వద్దనడం కంటే తుడుచుకోవడమే పెద్ద తప్పంటున్నారు. ఇక్కడ చెమటను కూడా పిండి వాటాలో కలుపుకునే రోజులు చూసినవాళ్ళం, ఒకరి వాటా నీళ్ళు గుడ్డకు తుడవడమంటే మాటలు కాదు. తెలుసు నాకు. చెయ్యి తడిస్తే తుడుచుకోవడం చిన్నప్పటి అలవాటు, ఆలోచించి చేసింది కాదు.

అచ్చియ్యమ్మ అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచి ఉండేదాన్ని, అక్కడితో సరిపోయేది. చెంచా మూత పెట్టుకుని, "మా నీళ్ళు మీ మొక్కకి ఎంగిలైపోయినియ్యేటండీ వదినగారూ," అంది. సమాధానం చెప్పేలోపే తన వాళ్ళను తీసుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ చెంచాలు నిండుగానే వెనక్కి వెళ్ళాయి. పావని గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆరు

ఇంటికి ఎవరూ రావడం లేదు. ఎదురింటావిడ చెత్త వేయడానికి కూడా నేను లోపలికి వెళ్ళాక బయటికొస్తోంది. మొక్కకు మాత్రం ఇదే మేలయింది. మిగిలిన వేళ్ళలో ఒకటి మళ్ళీ బూడిద రంగుకొచ్చింది. నా వాటాలో కాసిని నీళ్ళు వెడల్పు పళ్ళెంలో పోసి దూరంగా పెడుతున్నాను, గాలికి చెమ్మ తగలాలని.

పావని నాతో మాట్లాడ్డం మానేసింది. అన్నం పెడుతుంది, గిన్నె కొంచెం గట్టిగా పెడుతుంది.

సాయంత్రం తాతబ్బాయిగారు వచ్చారు. మంచి మనిషి, తగువంటే భయం. గుమ్మం బయటే నిలబడి, విచారణ లేకుండా తేల్చేద్దామన్నారు. అందరి ముందూ అచ్చియ్యమ్మ చేత ఒక్క చెంచా పోయించుకుంటే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటుందట. ఒక్క చెంచాకు మొక్క చస్తుందా అక్కా అన్నారు.

ఆయన్ను లోపలికి పిలిచి వేళ్ళు చూపించాను. గట్టిగా ఉన్నవి రెండే. చేత్తో నొక్కి చూడమన్నాను. నొక్కారు. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పుకున్నారు.

ఆవిడ పోస్తే ఆవిడ వెనకాల వచ్చినవాళ్ళందరూ పొయ్యాలి. వాళ్ళు పోస్తే మిగతావాళ్ళు ఊరుకోరు. ఒక్క చెంచాతో ఆగే పని కాదిది అన్నాను. ఆయనకు అర్థమైంది. అర్థమైతే సరిపోదు కదా, కట్టుబాటు తన చేతిలో లేదని చెప్పి వెళ్ళారు. ఆయన వెళ్ళాక పావని వచ్చి తానూ ఒక వేరు నొక్కి చూసింది. రాత్రి గిన్నె నెమ్మదిగా పెట్టింది.

ఏడు

విచారణ అయిపోయింది. జరిగినది జరిగినట్టు చెబుతున్నాను, రాతపెట్టే, సరిగ్గా విను.

నడవలో చాపలు పరిచారు. అంతస్తంతా కూర్చుంది. ముందు అచ్చియ్యమ్మ లేచింది.

"నా కూతురు కడుపుతో ఉందని మావాళ్ళందర్నీ ఎంటబెట్టుకెళ్ళానండి. అందరి ముందరా నా నీళ్ళు చీరకి తుడుసుకుందండి ఈవిడ. ముక్కు తుడుసుకున్నట్టు."

ముక్కు అనేసరికి వెనకాల కొందరు నవ్వారు. అచ్చియ్యమ్మ నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా నేను ఆవిడది పంతమనుకున్నాను.

తాతబ్బాయిగారు నన్ను చెప్పమన్నారు. వేళ్ళ సంగతి చెప్పబోతే ఆపేశారు.

"మొక్క సంగతి నేను చూశానక్కా. కానీ చెంచా ఇంటికి చేరాల. చేరలేదు. దానికేం చెప్తారు?"

దానికి నేనేం ఆలోచించుకుని వెళ్ళలేదు. ఆయన అడిగిన మాటలోనే దారి కనబడింది.

"ఇంటికే గదా చేరాల. ఆ ఇంట్లో బతికున్నది అదొక్కటేనేటి? నేనూ ఉన్నాను. నా నోట్లో పొయ్యమనండి."

నీళ్ళ గోడలు గాలి పీల్చే చప్పుడు వినపడింది. పావని నా భుజం పట్టుకుని, "అత్తయ్యా, వొద్దు. ఆ మాట ఎనక్కి తీసుకోండి," అంది. ఆ పిల్ల నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

నేను చాప మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచాను. ఉన్న నాలుగు పళ్ళూ అందరూ చూసే ఉంటారు.

అచ్చియ్యమ్మ కదల్లేదు. పొయ్యకపోతే ఫిర్యాదు నిలవదు. పోస్తే, పోయేవాళ్ళకు పోసినట్టు. తాతబ్బాయిగారు ఆవిడ వైపే చూస్తున్నారు. చివరికి వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వెండి చెంచా మూత తియ్యబోతే రెండుసార్లు వేలు జారింది.

"మీరు పోవాలని కాదండి వదినగారూ, నేను ఫిర్యాదెట్టింది."

"తెలుసు. పొయ్యండి, దవడ నొప్పెడతంది."

పోసింది. సగం గడ్డం మీద పడింది, మెడలోకి కారింది. మిగతా సగం మింగాను. అందరి కళ్ళూ నా చేతుల మీదే. చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాను. గడ్డం మీది నీళ్ళు తుడుచుకోలేదు. వాటంతట అవే ఆరేదాకా అలాగే కూర్చున్నాను.

చెంచా ఇంటికి చేరిందని తాతబ్బాయిగారు చెప్పారు. మొక్క మా ఇంట్లోనే ఉంటుంది.

ఎనిమిది

రాతపెట్టెను తిరిగి తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఉండనీ. మాట్లాడితే వింటుంది, గిన్నెలు విసరదు.

జనం మళ్ళీ వస్తున్నారు. ఇప్పుడు చెంచాలన్నీ నా నోట్లోకే. మొదట్లో పోసేటప్పుడు కళ్ళు మూసుకునేవాళ్ళు. ఇప్పుడు వేళాకోళం మొదలైంది. పొద్దున పోసి వెళ్ళినావిడ సాయంత్రం గుమ్మంలోంచి తొంగిచూసి, ఇంకా ఉన్నారా మామ్మగారూ అని అడుగుతోంది. నువ్వు పోసిన ఒక్క చెంచాకు పోతానా, కుండతో రమ్మన్నాను. వయసులో ఉన్నప్పుడు కూడా ఇన్ని నీళ్ళు తాగలేదు నేను. మొక్కకు బదులు నేను కుళ్ళిపోయేలా ఉన్నాను.

అచ్చియ్యమ్మ మాత్రం ఆ తర్వాత ఒకసారే వచ్చింది, కూతుర్ని చూడ్డానికి. పొయ్యలేక పొయ్యలేక పోసింది. ఇదేం పనండీ అపశకునం, మా ఇంట్లోనైతే ఛస్తే జరగనివ్వను అని పావనితో అంటుంటే విన్నాను.

ఉబ్బు పెద్దదవుతోంది.

తొమ్మిది

విచ్చింది. పువ్వు కాదు.

ఆకుపచ్చగా చిన్న ముక్కు బయటికొస్తే రేకు అనుకున్నాను. మర్నాటికి రెండోది వచ్చింది. రెండూ ఆకులే, గోరంత. వాటి కింద సన్నటి తెల్లటి వేరు, గాల్లోకి చెయ్యి చాచినట్టు.

విత్తనాల పిల్లను పిలిపించాను. చాలాసేపు చూసింది. తర్వాత నా పక్కన కూర్చుని చెప్పింది. వేళ్ళు పోతున్నాయని మొక్కకు తెలిసిందట. పూసే ఓపిక లేక, ఆ కాడ కొననే పిల్లను పెట్టుకుందట. తల్లి బతకదు. పిల్ల బతకొచ్చు, దాని వేళ్ళు వేలంత సాగాక కోసి వేరే చోట కట్టుకుంటే.

ఎప్పుడు పూస్తుందని అడిగాను. బాగా చూసుకుంటే మూడేళ్ళు, నాలుగేళ్ళు అంది. నా మొహం చూసి, ఇంకా ముందే పూసినా పూస్తుందండి అంది. అబద్ధం చెప్పడం రాదు ఆ పిల్లకు.

నాకు అన్నేళ్ళు లేవు. రాతపెట్టే, దీన్ని దిద్దకుండా రాసుకో.

ఎవరిని తిట్టాలో తెలియక రోజంతా ఊరికే కూర్చున్నాను. మా అంతస్తులో దీన్ని చంపాలనుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ ప్రేమగా పోశారు. మందు నీళ్ళు మిగుల్చుకొచ్చినావిడతో సహా. నా వేళ్ళు మాత్రం లేని దారాన్ని ముడేస్తూనే ఉన్నాయి. పావని వచ్చి, డాక్టరు మాట ఎత్తకుండా, వాటిని తన చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

పది

పిల్లమొక్క వేళ్ళు వేలంత అయ్యాయి. తల్లికి ఒక్క ఆకు మిగిలింది.

గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉండే చోటు కావాలి, నీళ్ళు తగలకూడదు అని చెప్పింది విత్తనాల పిల్ల. అలాంటి ఇల్లు మా వరసలో ఒక్కటే, నీళ్ళ గోడను ఆనుకుని ఉన్నది. ఆ ఇంటివాళ్ళు బట్టలారవని ఎప్పుడూ గొణుగుతుంటారు. అది అచ్చియ్యమ్మ ఇల్లు.

ఇవాళ పొద్దున కాడ కోశాను. బొగ్గుముక్క మీద కాస్త పీచు పరిచి, పిల్లను దానిమీద పెట్టి దారంతో కట్టాను. పూలు కట్టే ముడి వేశాను, మా అమ్మ వేసేది. నా చేతివేళ్ళకు ఇన్నాళ్ళకు దారం దొరికింది. పట్టుకుని బయల్దేరాను.

అచ్చియ్యమ్మ తలుపు తీసి, నన్ను చూసి, చేతిలోది చూసి పక్కకు జరిగింది.

"నాకెందుకండీ ఇది? మీరు నెగ్గారు గదా."

"మీ గోడ చెమరుద్ది. మీరు నాకంటే పదేళ్ళు చిన్న. ఇది పూసేదాకా ఉంటారు. పూసిన్రోజు నేనుంటే పిలవండి, లేకపోతే పావని కూతురి జళ్ళో పెట్టండి."

"కూతురని ఎవరు చెప్పేరు మీకు?"

"కొడుకైతే వాడి జుట్టులో పెట్టండి."

అప్పటికి నవ్వింది. తుడిచే పద్ధతి, ఆరనిచ్చే పద్ధతి అన్నీ చెప్పాను. నీళ్ళ గోడ పక్కన మేకుకు బొగ్గుముక్కను తగిలించాం. తన కరివేపాకు కుండీని పక్కింటికి ఇచ్చేస్తానంది, ఒక ఇంట్లో రెండు మొక్కలు ఉండకూడదు కాబట్టి. ఇక ఆ ఇంటి మొక్క ఇదే.

అప్పుడు నేను గుమ్మం బయటికి వెళ్ళి, చుట్టపు చూపుగా వచ్చినట్టు మళ్ళీ లోపలికి వచ్చాను. నడుముకు కట్టుకున్న చెంచా విప్పి మూత తీశాను. నిండుగా ఉంది, పొద్దున నా వాటాలోంచి పట్టిందే.

అచ్చియ్యమ్మ చెంచా వైపు చూసింది. మేకుకు వేలాడుతున్న పిల్లమొక్క వైపు చూసింది, దాని బూడిదరంగు వేళ్ళ వైపు. తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నెమ్మదిగా చాప మీద కూర్చుని, నోరు తెరిచింది.